దొరసాని రాసిచ్చిన చిట్టి

ఆ ఏడు వానాకాలం మొదట్లో, మా దవాఖానకు కొత్తగా వచ్చిన దొరసాని ఒక పొద్దున మందుల బల్ల మీద మోచేతులు ఆనించి, నుదురు పట్టుకుని, "అబ్రాహాం, ఈరోజు నేను క్రుక్" అంది.

మిషన్ బడిలో ఏడో తరగతి దాకా ఇంగ్లీషు చదివినవాణ్ణి. ఆ మాటకు దొంగ, మోసగాడు అని మా పంతులు బెత్తం పట్టుకుని అర్థం చెప్పాడు. దొరసాని తనను తాను దొంగనంటే ఏం జవాబివ్వాలో తోచక, "అట్లనకుండ్రి అమ్మా, మీరు మంచోళ్లు" అన్నాను. ఆమె ముందు తెల్లబోయింది. తర్వాత ఆ తలనొప్పితోనే పడిపడి నవ్వింది. వాళ్ల దేశంలో క్రుక్ అంటే ఒంట్లో బాగా లేదని అర్థమట.

ఆమె పేరు మిస్ కోల్‌మన్. ఊరివాళ్ల నోట కోలమ్మ దొరసాని అయింది. అంతకుముందు వచ్చిన దొరసానులంతా విలాయతు వాళ్లు, ప్రతి మాటా తూచి పలికేవారు. ఈమెది ఆస్ట్రేలియా. తండ్రికి వేల గొర్రెలున్నాయట. ముక్కుతో మాట్లాడేది, సగం మాటలు మింగేసేది. ఎల్లారెడ్డి మిషన్ దవాఖానలో నాలుగేళ్లుగా కట్లు కడుతూ, దుబాసీ పని చేస్తున్న నేను, ఆమె వచ్చిన మొదటి వారంలోనే నాకు ఇంగ్లీషు రాదని తెలుసుకున్నాను. తిండిని టక్కర్ అనేది. మాకేమో టక్కర్ అంటే ఎద్దులు ఢీకొనడం. ఒళ్లు హూనమయ్యే పనిని యాకా అనేది. నిజమేనా అనడానికి ఫెయిర్ డింకమ్. ఊపిరి సలపని పనిలో ఉంటే "తొండ నీళ్లు తాగినట్టుంది నా సంగతి" అనేది. కోపిష్టివాళ్లను "తెగిన పాము" అనేది. బండి ఇరుసు విరిగినా, జ్వరం దిగకపోయినా "ఆమె బాగైపోతుంది" అనేది. ఆమె ఎవరమ్మా అని ఒకసారి అడిగాను.

"అన్నీ ఆమే," అంది. "బండి, వాన, జ్వరం, అన్నీ."

నేనొక నోటుపుస్తకం కుట్టుకుని ఆ మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దుగూకేసరికి ఒక్క కొత్త మాటైనా దొరక్కపోతే ఆ రోజు నాకు వెలితిగా ఉండేది. ఈ తాలూకా మొత్తంలో ఆ మాటలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది నాకు బాగానే తలకెక్కింది.

మా అక్క సాలవ్వ దవాఖానలో రోగులకు గంజి కాచేది. ఆమె మొగుడు మైసన్న దవాఖాన బండి తోలేవాడు, బావి నుంచి నీళ్లు మోసేవాడు. మేం మిషన్‌లో కలిసి క్రైస్తవులమైనా బావ కలవలేదు. "మైసమ్మ పేరు పెట్టుకున్నోన్ని, ఆమె నన్నిడుస్తదా?" అనేవాడు. దొరసానికి అతని మీద గురి. అక్షరమ్ముక్క రానివాడు నాకంటే ముందే ఆమె మాటలు పట్టేశాడు. సాయంత్రం కావడి దించి, "యాకా అయిపాయె దొరసానీ, టక్కర్ పెట్టుండ్రి!" అని కేకేసేవాడు. ఆమె చేతిలో పని వదిలేసి నవ్వేది.

భాద్రపదంలో లింగంపేటలో గత్తర పడింది, దొరసాని మాటలో కలరా. దొరసాని, నేను, అక్క, బావ మందుల పెట్టెలు బండిలో వేసుకుని పోయాం. అక్క తన ఎనిమిదేళ్ల బిడ్డ గంగామణిని ఎల్లారెడ్డిలో పక్కింటి రాములవ్వ దగ్గర వదిలిపెట్టింది. ఊరి బయట నాలుగు పందిళ్లు వేయించి రోగులను పడుకోబెట్టాం. మూడు రోజుల్లో పదకొండు మంది పోయారు. దొరసాని నడుం వాల్చింది లేదు. బావ కాచిన నీళ్లు మోశాడు, పీనుగులనూ మోశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అతను కావడి కింద పడేసి, పొట్ట పట్టుకుని బురదలో కూర్చుండిపోయాడు. గత్తర తగిలిందని అక్క కెవ్వున అరిచింది. దొరసాని వచ్చి అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకు కుడివైపు కిందుగా వేళ్లతో నొక్కి, చటుక్కున వదిలింది. బావ విలవిల్లాడిపోయాడు.

"గత్తర కాదు," అంది నాతో. "పేగు కొస వాచింది. ఈరోజే పట్నం పెద్దాసుపత్రి చేరాలి. కోసి తీసేస్తే బతుకుతాడు. అది పగిలితే బతకడు."

నేను ఆ మాట చెప్పగానే బావ మోచేతుల మీద లేవబోయాడు. "కోస్తరా? నేనింటికి పోత. మైసమ్మకు కోడిని కోస్త గని, నన్ను కోయనియ్య."

"నోరు మూసుకో," అంది అక్క. "నేను నీ ఎంబడొస్త. కోసినా పక్కన్నే ఉంట."

కామారెడ్డిలో ఒక నూనె మిల్లు సేటు ఉన్నాడు. అతని భార్యకు కాన్పు కష్టమైతే అంతకు నెల ముందే దొరసాని పోయి తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఎప్పుడు కావాలన్నా నా మోటారు మీదే అని ఆయన చేతులు జోడించి చెప్పాడు. గత్తరకు భయపడి కామారెడ్డి బస్సు ఊళ్లోకి రాకుండా రోడ్డు మీదే ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండా హారను కొడుతున్నాడు. దొరసాని మందు పొట్లం కాగితం చించి, మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో సేటుకు నాలుగు వాక్యాలు రాసి నా చేతికిచ్చింది.

"చదివి చూడు. నా కళ్లు మూసుకుపోతున్నాయి."

చదివాను. ఈ మనిషి నిజంగా క్రుక్. వెంటనే మీ మోటారులో పట్నం పంపండి. తప్పించుకుని ఇంటికి పోవాలని చూస్తాడు, పోనివ్వకండి. అక్కడ మావాళ్లు ఇతని సంగతి చూసుకుంటారు.

ఆ మొదటి వాక్యం దగ్గర నా చూపు ఆగింది. జబ్బు అని మామూలు మాట రాయమంటే బాగుంటుందేమో అనిపించింది. అనిపించిందంతే. నా నోటుపుస్తకంలోని మాట ఒక చిట్టి ఎక్కి కామారెడ్డి దాకా పోతోందని లోపల ఎక్కడో ముచ్చటేసింది.

"బాగుందమ్మా," అన్నాను. చిట్టి మడిచి బావ అంగీ జేబులో పెట్టాను. దొరసాని అతని భుజం తట్టి తన పాత మాటే అంది. "బాగైపోతది అంటున్నది బావా," అని చెప్పాను. అక్కనూ బావనూ ఎక్కించుకుని బస్సు కదిలింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఒక్కతే వచ్చింది. ఎవరిదో కట్టెల బండి మీద సగం దూరం, నడిచి సగం దూరం. మోకాళ్ల దాకా బురద. పందిరి కింద సెలైను పెడుతున్న దొరసాని దగ్గరికి పోయి, ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఏం దొంగతనం చేసిండు నా మొగడు?"

దొరసానికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. "ఏందక్కా? బావ ఏడి?" అన్నాను.

"మిల్లుల ఉన్నడు. ఊకకొట్టుల ఏసి తాళమేసిండ్రు. సేటు పట్నం పోయిండట, మోటరు ఆయననే కొంటవొయిండట. మేనేజరు చిట్టి సదివిండు. సదివి నవ్విండు. దొంగ అని మీ దొరసానే రాసింది, పారిపోతడు ఇడువద్దని రాసింది, సేటు వచ్చినంక పట్నం పోలీసులకు అప్పజెప్తం అన్నడు. మిల్లుల బస్తాలు పోతున్నయట. గవి గూడ ఈనే తీసుకపోయిండేమో అన్నడు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "కడుపునొప్పి సారూ అని కాళ్లు పట్టుకున్న. పట్టుబడ్డంక అందరికీ నొప్పులే అన్నడు. పక్కపొంటే రేల్ టేసను. రెండు బండ్లు పోయినయి. లోపల్నుంచి ఒర్లుతున్నడు. నన్ను గేటు బయటికి నూకిండ్రు."

"ఏమంటోంది?" అని దొరసాని నన్నడిగింది.

అందరి మాటలూ అందరికీ చెప్పడమే కదా నా పని. చెప్పాను. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఆమె మాటనే చెప్పాల్సి వచ్చింది. దొరసాని చేతిలోని సూది కింద పెట్టింది. కాసేపు నన్నే చూసింది. నేను చదివి బాగుందన్న సంగతి ఆమెకు గుర్తొచ్చిందని ఆ చూపులోనే తెలిసింది. టోపీ తీసుకుని రోడ్డు వైపు నడిచింది.

మేం మిల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. సేటు ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చి తాళం తీయించాడట. బావను వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టారు. కదిలించడానికి భయపడి, డాక్టరు కోసం మోటారు పంపారు. దొరసాని పొట్ట మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. పొట్ట చెక్కలా బిగిసిపోయి ఉంది. నొప్పి తగ్గిందని బావే చెప్పాడు. నొప్పి అట్లా ఒక్కసారిగా తగ్గితే దానికి అర్థమేమిటో నాకూ తెలుసు.

మేనేజరు పేరు మార్కండేయ. పట్నంలో చదువుకున్న మనిషి. పాలిపోయిన ముఖంతో లోపలికి పోయి లావుపాటి నిఘంటువు తెచ్చాడు. ఆ పేజీ తెరిచి దొరసాని ముందు పెట్టి, ఒక్కొక్క అర్థం మీదా వేలు పెట్టి చూపించాడు. వంకర కర్ర. వంపు. దొంగ. మోసగాడు.

"ఇందులో జబ్బు అని ఎక్కడుందో చూపించండమ్మా. నేను తప్పు చదివానా? మీరే చెప్పండి."

దొరసాని ఆ పేజీని పైనుంచి కింది దాకా చూసింది. "లేదు. నువ్వు సరిగ్గానే చదివావు," అంది.

ఆ మాట అతనికి తెలుగులో నేను చెప్పలేదు. అతనికి చెప్పాల్సిన పని లేదు.

బావ నన్ను దగ్గరికి రమ్మని వేలు కదిపాడు. మంచం పక్కన కూర్చున్నాను. అటువైపు అక్క కొంగుతో అతని పెదాలు తడుపుతోంది.

"బామ్మర్దీ, దొరసాని నన్ను దొంగ అని ఎందుకు రాసింది?"

"అట్ల రాయలే బావా. పానం బాగలేదని రాసింది. ఆ మాటకు రెండర్థాలున్నయి. వీళ్లు ఇంకో తీరుగ సదివిండ్రు."

అతను వసారా కప్పు మీది నుంచి చూపు నా మీదికి తిప్పాడు.

"ఆ చిట్టి నువ్వు సదువలేదా?"

అక్క చెయ్యి ఆగింది.

"లేదు బావా," అన్నాను.

"గట్లనే అనుకున్న." కళ్లు మూసుకున్నాడు. "నువ్వు సదివుంటే ఇయ్యకపోదువు."

డాక్టరు వచ్చేలోపే పోయాడు. సేటు బండి కట్టించి, కొత్త బట్ట కప్పించి పంపాడు. ఎల్లారెడ్డి చేరేదాకా అక్క బండిలో అతని పాదాలు పట్టుకునే కూర్చుంది. దారిలో లింగంపేట దగ్గర దొరసాని దిగిపోయింది. పందిళ్లలో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

చావు కంటే ముందే మాట ఊరు చేరింది. మిల్లులో దొంగతనం చేస్తూ దొరికాడని కొందరు, దవాఖాన సొమ్మేదో ఎత్తుకుపోతుంటే దొరసానే పట్టించిందని కొందరు అన్నారు. పీనుగు మోయడానికి నలుగురు రావాల్సిన చోట ముగ్గురే వచ్చారు. నాలుగో కొమ్ము నేను పట్టాను. బతుకమ్మ ఆటలో గంగామణిని దొంగోని బిడ్డ అని పక్కకు నెట్టారు. పిల్ల ఇంటికొచ్చి ఏడవకుండా, బాపు ఏం తీసుకున్నాడని వాళ్లమ్మను అడిగింది.

మర్నాడు అక్క దవాఖానకు వచ్చి మెట్ల కింద నిలబడింది. గత్తర తగ్గాక లింగంపేట నుంచి తిరిగొచ్చిన దొరసాని, బావ పోయిన ఆ పది రోజుల్లో సగమైంది. ఆ పాత మాటలన్నీ ఆమె నోటి నుంచి పోయాయి. పుస్తకంలో ఉన్న ఇంగ్లీషే మాట్లాడుతోంది, అదీ అవసరమైనంతే.

"నా మొగడు దొంగ కాదని అంగట్ల చెప్పుమను," అంది అక్క నాతో. "నాకు గాదు, నాకు తెల్సు. ఊరికి చెప్పుమను."

దొరసాని సరేనంది. చెప్పొద్దు, పరువు పోతుందని మిషన్ పెద్దలు కబురు పంపారు. ఆమె ఆ కాగితం చింపి పారేసింది.

అంగడి నాడు ఎడ్లు, మిరపకాయలు, కుండల మధ్య ఒక బండి మీద నిలబడి మాట్లాడింది. పక్కన నేను. అక్క గంగామణిని ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. దొరసాని తడబడుతూ మొదటి మాటలు తెలుగులోనే చెప్పింది.

"మైసన్న దొంగ కాదు. మైసన్న మంచి మనిషి. తప్పు నాది."

మిగతాది ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగు చేశాను. "మా ఊళ్లో ఆ మాటకు జబ్బు అని అర్థం. లోకానికంతా అది దొంగ అని నాకు తెలుసు. అలసిపోయి, ఇంట్లో మాట్లాడినట్టు రాశాను. నా బద్ధకం అతన్ని చంపింది." నేను చదివిన సంగతి చెప్తుందని ప్రతి వాక్యం దగ్గరా ఊపిరి బిగబట్టాను. చెప్పలేదు. చివరిదాకా అంతా తన మీదే వేసుకుంది.

జనం కాసేపు గుసగుసలాడారు. అప్పుడు రాములవ్వ చేతికర్ర ఆనించుకుని లేచింది.

"ఏమో బిడ్డా, మాకు తెల్వక అడుగుతున్న. దొరసాని మాటలకన్నిటికీ అబ్రాం గదా అర్థాలు చెప్పేది. ఆ మాట అబ్రాంకు తెల్వదా?"

"ఏమంటోంది?" అని దొరసాని మెల్లగా అడిగింది.

ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోయేది. ఆమెకు తెలుగు అంతగా రాదు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. నాలుగేళ్లుగా ఆ రెండింటి మధ్య నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. అక్క నా వైపు చూస్తోంది.

"తెల్సు అవ్వా," అన్నాను. "చిట్టి నాకే ఇచ్చి సదువుమన్నది. సదివిన. ఆ మాట చూసిన. బాగుందని చెప్పి బావ జేబుల పెట్టిన."

అక్క పిల్లను దించి లేచింది. చీర దులుపుకుంది.

"సచ్చేటోనికి గూడ అబద్దం చెప్పినవ్," అంది. గొంతు పెంచలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని మిరపకాయల రాశుల పక్కనుంచి నడిచిపోయింది. జనం దారిచ్చారు. ఆ రోజు నుంచి ఎల్లారెడ్డిలో బావను దొంగ అన్నవాళ్లు లేరు. నన్ను మాత్రం నా ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు.

అక్క లింగంపేటలో ఒక గుడిసె తీసుకుని బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. నేను రెండుసార్లు జొన్నలు పంపితే రెండుసార్లూ తిరిగొచ్చాయి. కార్తీకం వెళ్లాక మిషన్ వాళ్లు దొరసానిని సముద్రం ఒడ్డున ఏదో ఊరికి మార్చారు. బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా నొక్కి వదిలి ఎక్కింది. దవాఖానలో కట్లు కట్టే పని ఉంచుకుని దుబాసీ పని మానేశాను. కొత్త దొరసాని వేరే మనిషిని చూసుకుంది.

చలి వెనకబడుతున్న రోజుల్లో ఒక పొద్దున మా వాకిట్లో తడక చప్పుడైంది. అక్క. నడిచొచ్చినట్టుంది. చంకలో బీడీ ఆకుల చాట, పక్కన గంగామణి. లోపలికి రమ్మన్నాను, రాలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టాను, ముట్టలేదు. నా ముఖం చూడకుండా, పిల్ల తల మీద చెయ్యి వేసి మాట్లాడింది.

"వారానికి ఒకనాడు తోలుకొస్త. దీనికి సదువు చెప్పు. రేపు దీని చేతుల ఎవలన్న కాయితం పెడితే, ఇదే సదువుకోవాలె."

"ఏం సదువు చెప్పాలె అక్కా? తెలుగా, ఉర్దూనా?"

"నీకు ఎన్నొస్తయో అన్ని," అంది. "ఒక్క మాట గూడ దాచుకోకు."

పిల్లను నా వైపు నెట్టి, తడకకు అవతలే నేల మీద కూర్చుని ఆకులు కత్తిరించడం మొదలుపెట్టింది.